అవ్వ కాళ్ళ మీది బరువు

కొండకేసి చెయ్యెత్తి చెబుతున్నాను. ఇది నాకు జరిగింది. కళ్ళారా చూశాను అని మాత్రం అనను... చెవులారా విన్నాను. నా నోటితో నేనే మాట్లాడాను. చూడ్డం సంగతి తర్వాత చెబుతాను.

నన్నెరిగిన వాళ్ళు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వండి. నా మాటల్లో ముప్పాతిక భాగం గాలేనని మా ఆవిడ మునెమ్మ పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. కాదనను. తిరుపతిలో ఫైరింజన్ డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఒక గడ్డివామి కాలితే పేట మొత్తం కాలిపోయిందని చెప్పినవాణ్ణి. ఈ సంగతిని కూడా ఏళ్ళ తరబడి పెంచి పెంచి చెప్పాను. ఈసారి మాత్రం ఎక్కడ గాలి ఊదానో అక్కడే ఒప్పేసుకుంటాను. ఎందుకంటే... గాలంతా తీసేశాక కూడా ఇందులో ఒకటి మిగిలిపోతోంది. అదేమిటో నాకు ఈ రోజుకీ తెలీదు.

మణి. మా కుక్క.

అల్సేషన్ జాతి అని చెప్పేవాణ్ణి. మద్రాసులో పోలీసు కుక్కల పక్కన నిలబెట్టి పని నేర్పించానని కూడా చెప్పేవాణ్ణి. రెండూ అబద్ధాలే. అది నాటు కుక్క. బంగారుపాళ్యం మామిడి మండీలో ఒక ఖాళీ గంపలో ముడుచుకుని పడుకుని ఉంటే, చొక్కాలో పెట్టుకుని బస్సెక్కాను. నల్లటి ఒళ్ళు. ఎడమ చెవి నిలబడేది, కుడి చెవి సగానికి మడతపడి ఉండేది. మా వైపు వీధికో మణి ఉంటాడు, మనుషుల్లోనూ కుక్కల్లోనూ. మా ఎదురింట్లో కరెంటు పనులు చేసే మణి కొన్నాళ్ళు నా మొహం చూడలేదు.

"ఊళ్ళో ఇంగ పేర్లే లేకపాయనా అప్పా నీకు?" అన్నాడు ఒకరోజు ఆగలేక.

"నీ మాదిరి తెలివైంది కావాలని పెట్టినానబ్బా" అన్నాను.

తెలివైందే అయింది. దానికి పని నేర్పింది నేను కాదు, మునెమ్మ. మా కూతురు పద్మ చిన్నప్పుడు అన్నం గిన్నె కనపడితే చాలు, పరిగెత్తి ఎక్కడో దాక్కునేది. మునెమ్మ గిన్నె పట్టుకుని తిరగలేక, పద్మ విడిచిన గౌను మణి ముక్కు దగ్గర పెట్టి, "పో నాయనా, యాడుందో ఎతుకు" అనేది. మణి పోయేది. కట్టెల గూటి వెనకో, నీళ్ళ తొట్టి చాటునో కనిపెట్టేది. మొరిగేది కాదు. పోయి ఆ పిల్ల కాళ్ళ మీద అడ్డంగా పడుకునేది. ఒళ్ళంతా బరువు వదిలేసేది. ఇక పద్మ కదల్లేదు. మునెమ్మ వచ్చి, అక్కడే కూర్చుని, ఆఖరి ముద్ద దాకా పెట్టి, "సాల్లే నాయనా... ఇంగ రా" అనేది. అప్పుడు గాని లేచేది కాదు. ఆ మాట అనకపోతే తెల్లారేదాకా అక్కడే. ఒకసారి మునెమ్మ మరిచిపోయి పక్కింటికి పోతే, మణి కింద కాళ్ళు పెట్టుకునే పద్మ నిద్రపోయింది. మణి నిద్రపోలేదు.

ఆ ఆటనే నేను ఫైర్ స్టేషన్‌కు తీసుకుపోయాను. మా ఆఫీసరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. శేషాచలం అడవిలో కట్టెలకు పోయి దారి తప్పిన వాళ్ళను వెతికాము. కొండ మెట్ల దారిలో తప్పిపోయిన యాత్రికుల్ని వెతికాము. ఒక ఏడు నగరిలో విపరీతమైన వాన పడి నేతగాళ్ళ వీధిలో మట్టిగోడలు కూలితే, మా బండితో పాటు మణి కూడా వచ్చింది. నాలుగు ప్రాణాలు కాపాడిందని చెప్పేవాణ్ణి. నిజానికి ఒక నేతగాడు, ఒక పొదుగుతున్న కోడి. ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుండగా గోడ పడింది. గుంటలోకి జారిపోవడం వల్లే బతికాడు. మణి ఆ మట్టిదిబ్బ మీద పడుకుని లేవనంది. తవ్వితే కింద మనిషి. ఆ రాళ్ళల్లోనే మణి కుడి ముందు కాలి గోళ్ళు ఊడిపోయాయి, మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి అది సిమెంటు నేల మీద నడిస్తే చప్పుడు ఒక రకంగా ఉండేది. టిక్... టిక్... టిక్... ఆ తర్వాత ఒక ఖాళీ. మళ్ళీ టిక్... టిక్... టిక్... ఖాళీ. చీకట్లో కూడా మా మణి అని చెప్పేయొచ్చు.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఆ చప్పుడు నాకు కొత్త కాదని మీకు తెలియాలి.

ఎనభైల్లో సంగతి. వాయుగుండం పట్టి మూడు పొద్దులూ ముసురే. మణికి వెనక కాళ్ళు పడిపోయి అప్పటికి చాలా నెలలైంది. నేనే ఎత్తుకుని బయటికి తిప్పేవాణ్ణి. ఆ రోజు పొద్దున్నించి నీళ్ళు కూడా ముట్టలేదు. పశువుల డాక్టరు వచ్చి, రెప్పలు ఎత్తి చూసి, "ఈ రాత్రి దాటదు రత్నం. యాడికీ పోవద్దు, పక్కనుండు" అన్నాడు. నేను డ్యూటీకి సెలవు చెప్పేశాను. గోనెసంచీ మీద దుప్పటి వేసి, దాని తల నా తొడ మీద పెట్టుకుని కూర్చున్నాను. అది నన్ను చూస్తూ పోవాలి. అంతే. ఆ రోజుకు నాకు వేరే కోరిక లేదు.

దీపాలు పెట్టే వేళ తలుపు తట్టారు.

వరదాచారిగారు. మా వెనక వీధిలో ఉండే అయ్యవారు. తరతరాలుగా దేవుడి సేవలో ఉన్న కుటుంబం. పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. వెనక ఆయన భార్య రంగనాయకమ్మ. ఆయన చేతిలో ఒక పొడవాటి కర్ర, కర్ర కొసకు వేలాడుతూ ఒక మడత చీర, పైన గొడుగు. తాను తడుస్తూ చీరకు గొడుగు పట్టాడు.

"అమ్మ కనపడలేదు రత్నం" అన్నాడు.

ఆయన తల్లి కోమలమ్మవ్వ. మంచి మనిషి. నోరు గట్టిది. మా వీధిలోకి వస్తే మణి నీడ తగులుతుందని కొంగు దగ్గరికి లాక్కుని నడిచేది. రెండు మూడేళ్ళుగా మతి నిలవడం లేదు. చనిపోయిన భర్త కొండ మీద తులసి కోస్తున్నాడు, బుట్ట తీసుకుపోవాలి అని లేచి వెళ్ళిపోయేది. ఆ సాయంత్రం అలాగే పోయింది. అలిపిరి దగ్గర బొరుగుల అంగడి ఆమె చూసిందట. మెట్ల మీద మాత్రం ఎవరూ చూడలేదు. పక్క అడవిలోకి దిగిపోయినట్టే. ఆ వానలో, ఆ చలిలో, ఆ వయసులో...

"నీ కుక్కను ఒక్కసారి..." అంటూ లోపలికి చూసి, ఆగిపోయాడు. మణి స్థితి కనపడింది.

ఇంతలో మా స్టేషన్ మస్తాన్ వచ్చాడు, టార్చి పట్టుకుని. వార్త అప్పటికే స్టేషన్‌కు చేరింది. అందరం కలిసి మణి చుట్టూ నిలబడ్డాము. నాకు లేవాలని లేదు. లేవక తప్పదనీ తెలుసు.

"లేవలేదు సామీ అది" అన్నాను. "వాసన చూపిస్తే కనీసం ఏ దిక్కో అటు ముక్కు పెడతాదేమో. యేదీ, అవ్వ గుడ్డ?"

కర్ర కొస కిందికి దించారు. చీర మణి ముక్కు ముందు ఊగింది. మణి వాసన చూసింది. తుమ్మింది. తల మెల్లగా తిప్పి... రంగనాయకమ్మ పాదం మీద గడ్డం ఆనించింది.

"దొరికింది సామీ" అన్నాడు మస్తాన్. "మీ ఇంటామే."

ఎవరూ నవ్వలేదు. తర్వాత చాలా ఏళ్ళు నవ్వుకున్నాము గానీ, అప్పుడు నవ్వలేదు.

"ఇది ఉతికిన చీర కదా సామీ!" అన్నాను.

"మడి చీరయ్యా. ఉదయం ఆరేసింది. ఎవరూ తాకలేదు, కర్రతోనే దించాను. కుక్క ముందు పెట్టేది కదా అని, మంచిది తెచ్చాను."

"ఉతికి పిండింది ఎవరు?"

రంగనాయకమ్మ తల దించుకుంది. "నేనే."

"అందుకే నీ కాలు పట్టుకుండాది తల్లీ. అవ్వ ఒంటి మీదిది, ఉతకంది కావాల."

వరదాచారిగారి మొహం మాడిపోయింది. "మా ఇంట్లో ఉతకనిది ఏముంటుందయ్యా?"

నిజమే. ఆ ఇంట్లో తలగడ గలీబులు కూడా రోజూ తడిపేవాళ్ళు. మనిషి వాసనే మిగలని ఇల్లు. అప్పుడు రంగనాయకమ్మ భర్త వైపు చూడకుండా అంది.

"ఒకటుంది. రాత్రిళ్ళు తల కింద పెట్టుకునే పాత గుడ్డ. ముట్టుకోనివ్వరు. మీకు తెలిస్తే గొడవవుతుందని... ఉతికానని చెప్పి నేనే దాచిపెడుతూ వచ్చాను."

"ఇన్నాళ్ళా?" అన్నాడాయన.

"ఇన్నాళ్ళూ" అని, ఆ వానలో పరిగెత్తింది ఆమె.

తెచ్చింది. నూనె ఓడుతున్న గుడ్డ. వక్కాకు మరకలు. చేత్తోనే పట్టుకుని వచ్చింది, కర్రా లేదు గిర్రా లేదు. మణి ముక్కు దగ్గర పెట్టాను.

మణి చాలాసేపు వాసన చూసింది. కళ్ళు మూసుకుని చూసింది. నిలబడే చెవి నిలబడింది. ముందు కాళ్ళు నేలకు ఆనించి, ఒళ్ళంతా వణికేలా బలం పెట్టింది. లేవలేకపోయింది. నా మొహంలోకి చూసింది. తోక ఒకసారి నేలకు తగిలింది... టప్.

వంటింటి గడప దగ్గర నుంచి మునెమ్మ కేక వేసింది.

"ఏం పని సేస్తివయ్యా! పొయ్యే ప్రాణానికి పని సెప్తివా? నీకు బుద్ధి ఉండాదా? పని ముగిసేదాకా వాడు యెట్ల పోతాడు ఇప్పుడు?"

ఆమె అన్నదాకా నేను ఆ సంగతే ఆలోచించలేదు. అడవిలో ఎన్ని గంటలు తిరిగినా, మనిషి కనపడేదాకా మణి పడుకున్నది లేదు. దానికి పని చెప్పాను నేను. చేయలేని పని.

"నువ్వు ఈడే ఉండు నాయనా" అని దాని చెవిలో చెప్పాను. "నీ బదులు నేను పోతా. నేనొచ్చేదాకా..." ఏం చెప్పాలో తెలీలేదు. నేనొచ్చేదాకా ఉండు అనాలా? ఉండి బాధపడమని చెప్పాలా? నోరు మూసుకుని లేచాను. దాని తల తన ఒళ్ళోకి తీసుకుని మునెమ్మ కూర్చుంది.

ముగ్గురం బయల్దేరాము. నేను, మస్తాన్, వరదాచారిగారు.

అలిపిరి దాటగానే ఆయన చెప్పులు విడిచి పక్కన పెట్టాడు.

"సామీ, ముండ్లుండాయి. మొబ్బులో ఏం కనపడదు. పాములుంటాయి" అన్నాడు మస్తాన్.

"కొండ మీదికి చెప్పులతో ఎట్లా నాయనా?"

"మీ అమ్మను ఎతకబోతా ఉండాం సామీ, దర్శనానికి కాదు."

ఆయన వినలేదు. మస్తాన్ టార్చి ఆయన పాదాల ముందు వేస్తూ నడిచాడు. దారి చూడ్డానికి నాకు వెలుగే మిగల్లేదు.

మెట్లు వదిలి పక్క బాట పట్టాము. అమ్మా... అమ్మా... అని ఆయన పిలుస్తున్నాడు. వాన సన్నగా పడుతోంది. చెట్ల మీద ఆగి, ఆగి, ఒక్కసారిగా జారుతోంది. ఎంతసేపు తిరిగామో చెప్పలేను. నా ఒళ్ళు అక్కడుంది, ప్రాణం ఇంట్లో గోనెసంచీ దగ్గరుంది. బాట చీలిన చోటికి వచ్చాము. ఎడమకు పోతే ఎత్తు మీద పాత తులసి పాదులుండే చోటు. కుడికి దిగితే వంక, వాన నీళ్ళు పారే వాగు.

"ఎడమకే. నాన్నగారు తులసి కోసింది అక్కడే. అమ్మ అక్కడికే పోయి ఉంటుంది" అన్నాడు వరదాచారిగారు. సరైన మాటే. ఎడమకు తిరిగాము. నాలుగడుగులు వేశామో లేదో...

టిక్... టిక్... టిక్...

నిలబడిపోయాను.

ఖాళీ.

టిక్... టిక్... టిక్...

ఖాళీ.

కుడి వైపు నుంచి. కింది నుంచి. రాతి బండల మీద గోళ్ళు. తొందర లేదు. ముందుకు పోతూ, నేను వస్తున్నానా అని చూసుకోవడానికి ఆగినట్టు... మళ్ళీ పోతున్నట్టు.

"ఏం నిలబడితివి?" అన్నాడు మస్తాన్.

"ఇనపడలా?"

"వాన."

"వాన కాదబ్బా. గమ్మునుండి ఇను."

ఇక్కడ నేను ఏం చెప్పేవాణ్ణంటే... మస్తాన్ కూడా విన్నాడు, వాడి చేతిలో టార్చి జారి పడిపోయింది, వాడు అల్లా అల్లా అన్నాడు అని. మస్తాన్ బతికున్న రోజుల్లో నా ఎదుటే ఈ మాట ఖండించేవాడు. వాడికేమీ వినపడలేదు. టార్చి పడింది నిజమే గానీ, బండ పాకుడు పట్టి ఉండి కాలు జారి పడింది. ఆకుల మీంచి రాతి మీదికి నీళ్ళు పడినా అలాంటి చప్పుడే వస్తుందని వాడు చివరిదాకా అన్నాడు. కావచ్చు. కానీ నీళ్ళ చుక్క మూడు పడి నాలుగోది మింగేస్తుందా? పడినంతసేపూ అలాగే?

"నేనిటు పోతాండా. మీరు అటు సూడండి" అని కుడికి దిగాను.

చీకట్లో రెండు పచ్చటి కళ్ళు నాకు దారి చూపించాయని కూడా చెప్పేవాణ్ణి. లేవు. కళ్ళూ లేవు, కుక్కా లేదు. నల్లటి చీకటి. చేతులతో కొమ్మలు తడుముకుంటూ దిగాను. చప్పుడు ముందు పోతోంది. నేను ఆగితే ఆగుతోంది. కాసేపటికి వంక హోరు వినపడింది. ఆ హోరులో గోళ్ళ చప్పుడు కలిసిపోయింది. ఇక వినపడలేదు.

అగ్గిపుల్ల గీశాను. ఆరింది. ఇంకోటి గీశాను.

ఒక పెద్ద బండ. దాని కింద గూడులాగా కొంచెం చోటు. అక్కడ కోమలమ్మవ్వ కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుని. చేతులు ఒళ్ళో పెట్టుకుని. పాదాలకు జానెడు దూరంలో గట్టు కోసుకుపోయి ఉంది. కింద వంక ఎర్రగా, లావుగా పోతోంది. ఆ చీకట్లో ఆమె లేచి ఒక్క అడుగు వేసి ఉంటే... ఇంకేం లేదు.

"అవ్వా!"

"వచ్చినావా రత్నం" అంది. తన కొడుకు పేరే ఒక్కోనాడు గుర్తుండని మనిషి నన్ను పేరు పెట్టి పిలిచింది. "ఎంతసేపయ్యా? ముందు దీన్ని లేవమని చెప్పు. కాళ్ళు తిమ్మిరెక్కాయి."

అగ్గిపుల్ల వేలు కాల్చింది. పారేశాను.

"దేన్ని... అవ్వా?"

"నీ కుక్కనయ్యా! మడి, మడి అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. వచ్చి మీద పడుకుంది. లేద్దామంటే లేవనిస్తేగా. రాయి మోసినట్టుంది."

ఇంకో పుల్ల గీశాను. ఆమె పాదాల మీద పట్టాను. తడిసిన చీర అంచు. ముడతలు పడిన రెండు పాదాలు. ఏమీ లేదు. వాటి మీద ఏమీ లేదు.

"ఏం లేదవ్వా. లెయ్యి. నీళ్ళు ఎక్కుతా ఉండాయి" అని చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయాను.

లేవలేదు.

నేనూ మస్తాన్ ఇద్దరం కలిసి లాగినా కదల్లేదని చెప్పేవాణ్ణి. కాదు. నేనొక్కణ్ణే. మస్తాన్ ఇంకా పైనున్నాడు. కాలు కింద బురద జారుతోంది. ఆమె చలికి కొయ్యబారి ఉంది. పైగా లేవడానికి ఆమెకే ఇష్టం లేదు. ఇష్టం లేని ముసలివాళ్ళను ఎత్తడం ఎంత కష్టమో ఎత్తినవాళ్ళకు తెలుసు. అంతే అయి ఉండొచ్చు.

"లాగుతావేమయ్యా మొరటుగా?" అని కసిరింది. "చెబితే గాని లేవదు కదా అది. నాకు తెలీదా? మీ ఆవిడ వీధిలో రోజూ అరిచేది కదా ఆ మాట. అను."

నేను అనలేదు.

ఎందుకు అనలేదంటే... అక్కడ ఏమీ లేదు గనక, పిచ్చివాడిలా గాలికి చెప్పడం ఎందుకని కాదు. ఇంట్లో మునెమ్మ ఒళ్ళో ఊపిరి ఎగబీలుస్తున్న తల గుర్తొచ్చింది. పని ముగిసేదాకా వాడు యెట్ల పోతాడు అన్న మాట గుర్తొచ్చింది. పని ముగిసిందని నేను చెబితే? ఇక్కడ చెబితే అక్కడ... నేను పక్కన లేకుండానే...

గట్టు నుంచి మట్టిపెళ్ళ ఒకటి విరిగి వంకలో పడింది. దభేల్‌మని కాదు. మెత్తగా. అన్నంలో చారు పోసినట్టు. అవ్వ మడమ కింద నేల తడిగా మెరిసింది.

"అను రత్నం. పాపం, దానికీ చలేస్తూంది."

నేను వంగాను. ఆమె పాదాల పక్కన, ఖాళీగా ఉన్న చోట, నోరు దగ్గరగా పెట్టి...

"సాల్లే నాయనా" అన్నాను. "ఇంగ... రా."

వంక హోరు. వాన. ఇంకేమీ లేదు.

అవ్వ పెద్దగా నిట్టూర్చింది. "అబ్బా" అంటూ రెండు కాళ్ళూ దగ్గరికి లాక్కుంది. మోకాళ్ళు నిమురుకుంది. చెయ్యి నా వైపు చాపింది. ఎత్తాను. పిట్టంత బరువు కూడా లేదు.

ఆ క్షణంలో నా చేతిని తడి నాలుక నాకిందని చెప్పేవాణ్ణి. నాకలేదు. చల్లగాలి ఒకటి నన్ను దాటుకుని ఇంటి వైపు పోయిందని చెప్పేవాణ్ణి. ఏ గాలీ లేదు. తడిసిన కుక్క వాసన వచ్చిందనేవాణ్ణి. అది మాత్రం వచ్చింది. కానీ పొద్దున్నించీ మణిని ఒళ్ళో పెట్టుకున్న చొక్కా అది. వానకు తడిసింది. రాదా మరి?

నా అరుపు విని మస్తాన్ దిగి వచ్చాడు. అవ్వను వీపు మీద వేసుకున్నాడు. వరదాచారిగారు వచ్చి తల్లి పాదాలు పట్టుకుని, ముళ్ళు గుచ్చుకుని నెత్తురోడుతున్న తన కాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు.

"వీళ్ళెవరు?" అని అడిగింది అవ్వ మస్తాన్ భుజం మీద నుంచి. అప్పటికి మళ్ళీ మతి పోయింది.

నేను వాళ్ళతో నడవలేదు. పరిగెత్తాను.

ఇంటి తలుపు తీసే ఉంది. మునెమ్మ అలాగే కూర్చుని ఉంది. తల ఒళ్ళోనే ఉంది. ఆమె నా వైపు చూసిన చూపుతోనే తెలిసిపోయింది.

నేను మణి పక్కన కూలబడ్డాను. తర్వాత ఆమే చెప్పింది. నేను ఒక్క మాటా కలపకుండా చెబుతున్నాను.

"నువ్వు పొయ్యినప్పట్నించి కన్ను మూయలా. గొంతులో గురగుర. పోతాడు అనుకుంటా, మళ్ళా లాగుతాడు ఊపిరి. ముందు కాళ్ళు రెండూ నేలకి అదిమి పెట్టినాడు. ఎవురినో కదలనీకుండా పట్టుకున్నట్ల. నేను ఇడిపించబోతే సూసినాడు ఒక సూపు. ఇంగ ముట్టుకోలా. శానాసేపు అట్లనే. ఆమైన కాళ్ళు వదిలేసినాడు. తోక కొట్టినాడు. రెండు మార్లు. నువ్వొచ్చినావేమో అని నేను వాకిలి దిక్కు సూసినా. నువ్వు లేవు. తిరిగి సూస్తే... అయిపోయినాడు."

"ఎప్పుడు?"

"ఏమో. నేను గడియారం సూసినానా?"

సరిగ్గా అదే నిమిషం, నేను ఆ మాట అన్న నిమిషమే పోయిందని ఊరందరికీ చెప్పాను. అబద్ధం. ఎవరూ గడియారం చూడలేదు. పాదాలకు ఎర్రమట్టి అంటి ఉందని కూడా చెప్పాను. అంటలేదు. పొద్దున నేనే తుడిచిన పాదాలు. శుభ్రంగా, పొడిగా ఉన్నాయి. దాని పక్కన పడుకుని ఒక్కో గోరూ పట్టి చూశాను గనక నాకు బాగా తెలుసు.

నాకు మిగిలిన బాధ వేరు. మణి ముందే పోయిందనుకుందాం. అలాగైతే అవ్వ కాళ్ళ మీద పడుకున్నది ఏమిటి? నేను చెప్పాకే పోయిందనుకుందాం. అలాగైతే పక్కనుంటానని చెప్పినవాణ్ణి, అడవిలో నిలబడి, నేనే దాన్ని పంపేశాను. ఇంకో దారి కూడా ఉంది. అవ్వకు మతి లేదు. నాకు దుఃఖం. వాన చప్పుడు. మునెమ్మ చూసింది మామూలు చావు. ఏ కుక్క పోయినా కాళ్ళు బిగుస్తాయి, వదులవుతాయి. ఇన్నేళ్ళలో నేను రోజుకొక దారి నమ్మాను.

ఒకసారి మునెమ్మతో అన్నాను, "నేను ఆ మాట అనకుండా ఉంటే తెల్లారేదాకా ఉండేవాడేమో మేయ్. నేనొచ్చి సూసుకునేవాణ్ణి."

ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"ఉండేవాడు. ఊపిరి లాక్కుంటా, కాళ్ళు అదుముకుంటా ఉండేవాడు. నీకోసరం. ఈడుండినా నువ్వే సెప్పాల ఆ మాట. ఆడ సెప్తివి. అంతే కదా తేడా?"

కొంతకాలానికి వరదాచారిగారి ఇంటికి పోయాను. అవ్వను చూడాలనిపించింది. ఆమె ఆ చలికి జ్వరం పడి లేచి, బతికి బట్టకట్టింది. మతి మాత్రం పూర్తిగా పోయింది. కొడుకుని ఎవరని అడుగుతోంది. రంగనాయకమ్మ నన్ను లోపలి గదిలోకి రమ్మంది. నాలాంటివాడు ఆ గది దాకా పోవడం అదే మొదలు.

అవ్వ మంచం మీద ఒక పక్కకు ఒదిగి పడుకుని ఉంది. కాళ్ళు గోడ వైపుకు ముడుచుకుని. మంచం పాదాల వైపు ఇంత చోటు ఖాళీగా ఉంది.

"రోజూ ఇంతే" అంది రంగనాయకమ్మ నెమ్మదిగా. "చలిగా ఉంది, కాళ్ళు చాపుకోండి అంటే వినరు. ఆ చోట దుప్పటి మడత పెట్టినా తోసేస్తారు. ఎవరినీ గుర్తుపట్టరు, అన్నం తిన్నది గుర్తుండదు. ఇది మాత్రం..."

అవ్వ నిద్రలో ఉంది. సన్నగా గురక. నేను వంగి, ఆ ఖాళీ చోట చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

అంతకు ముందు ఆమె కాళ్ళు అక్కడే ఉండి ఉండొచ్చు. మేము అడుగు పెట్టే ముందే ముడుచుకుని ఉండొచ్చు. ఉన్నాయా, లేదా అని రంగనాయకమ్మను అడగబోయాను. ఆమె నా చేతి వైపే చూస్తోంది.

అడగలేదు. చెయ్యి మాత్రం అక్కడే కాసేపు ఉంచాను.